చంద్రమ్మ తిరిగి చెప్పిన మాట

ఒక చిన్న మాట ఇన్నేళ్లుగా నా గొంతులో పచ్చివెలక్కాయలా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా వారికి చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి చెప్పబోయి, పిల్లల ఆరోగ్యం మీదికి మాట మళ్లించి దండం పెట్టి వచ్చేశాను. దేవుడికి తెలియదా అంటారేమో. తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్లకు చెప్పడమే ఇంకా కష్టం. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. పేరు చెప్పను. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఈ మాట ఎప్పుడో చెప్పవలసిన చోట చెప్పి ఉండేదాన్ని.

నేను పిరికిదాన్ని. ఇది ముందే ఒప్పుకుంటే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పామునో చీకటినో చూసి కాదు, నన్ను చూసే మనిషి చూపు మారుతుందేమోనని నాకు భయం. "ఇది నువ్వా చేసింది?" అని ఎవరైనా అంటారేమోనని భయం. చిన్నప్పుడు మా గోదావరి పక్క ఊళ్లో పాలగిన్నె ఒలకబోసి ఆ నేరం పిల్లి మీద పెట్టాను. పిల్లికి నోరు లేదు కనక గడిచిపోయింది. చంద్రమ్మకు నోరుంది. ఆ నోటినే నేను వాడుకున్నాను.

తొంభైల చివర్లో పెళ్లయి హైదరాబాదు వచ్చాను. మా వారికి జీడిమెట్లలో మందుల కంపెనీలో ఉద్యోగం. లింగంపల్లిలో కిరాయి ఇల్లు. ఇంట్లో ఊరికే కూర్చోలేక మాదాపూర్ దాటాక గుట్టల మధ్య ఉన్న ఒక చిన్న స్కూల్లో టీచరుగా చేరాను. ఐదో తరగతి వరకే. ఒక పాత పెంకుటిల్లు, పక్కన రేకుల షెడ్డు, అదే బడి. కంప్యూటర్ల కోసమని ఆ దగ్గర్లో అప్పుడే పెద్ద మేడ లేచింది. దాని చుట్టూ రోడ్లు పడుతున్నాయి. రోడ్లకు అడ్డం వచ్చిన బండలన్నిటినీ పేలుస్తున్నారు. ఆ బండల్లో చాలా భాగం మా బడి వెనకే ఉండేవి. రోజూ పగలు కూలీలు అన్నాలకు వెళ్లగానే ఒకతను విజిల్ ఊదేవాడు, ఇంకొకతను దారి మధ్య నిలబడి ఎర్రగుడ్డ ఊపేవాడు. ఆ వెంటనే నేల అదిరేది. బడి కిటికీలు గలగలలాడేవి. నాకైతే ఏడాదంతా అలవాటు కాలేదు. విజిల్ వినిపించగానే సుద్దముక్క వదిలేసి చెవులు మూసుకునేదాన్ని. నా భయం పిల్లలకు అంటకూడదని దాన్నొక ఆటగా మార్చాను. విజిల్ వినగానే రెండు చేతులతో రెండు చెవులు గట్టిగా మూసుకోవాలి. ఎవరు ముందు మూసుకుంటే వాళ్లు గెలిచినట్టు. ఈ ఆట గుర్తుపెట్టుకోండి.

మా హెడ్మిస్ట్రెస్‌ను అందరూ గ్రేసు మేడమ్ అనేవాళ్లు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి వెళ్లేవారు కాదు. చేతిలో బైబిలుతోనే కూలీల గుడిసెలకు వెళ్లి, పిల్లలను బడికి పంపమని అడిగేవారు. అలా వచ్చిన పిల్లలే మా బడిలో సగం మంది. తల్లిదండ్రులు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. చాలామందికి చదువు రాదు. కాగితం మీద రాసి పంపితే అది పొయ్యి ముట్టించడానికి పనికొచ్చేది. అందుకని మేడమ్ ఒక పద్ధతి పెట్టారు. ఏ విషయమైనా టీచరు తల్లికో తండ్రికో నోటితో చెప్పాలి. విన్నవాళ్లు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పుడే చెప్పినట్టు లెక్క.

"చెప్పిన అంటే కాదమ్మా, తిరిగి చెప్పించుకున్నవా?" అని అడిగేవారు. ఏడాది చివరికొచ్చేసరికి ఈ పట్టు మరీ బిగిసేది. పరీక్షలు దగ్గరపడగానే బడి అయిపోయిందనుకుని ఇంట్లోవాళ్లు మన మాట చెవిన పెట్టరట. కొందరు పిల్లలతో సహా ఊళ్లకు వెళ్లిపోతారట. చెప్పవలసిందంతా అప్పుడే చెప్పాలట. ఆవిడ చెప్పింది నిజమే. నాకూ తెలుసు.

ఇక చంద్రమ్మ సంగతి. జూన్‌లో బడి తెరిచిన కొత్తలో ఒక ఆడమనిషి, చీరంతా సిమెంటు దుమ్ముతో, చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల పేరేమిటని అడిగాను. ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగి పనికి పరుగెత్తుతూ, "పిల్ల పైలం టీచరమ్మా!" అంది. మా వైపు ఆ మాట లేదు. పిల్ల పేరు పైలం అనుకున్నాను. ఏం పేరో, వీళ్ల పేర్లు ఇలాగే ఉంటాయి కాబోలనుకున్నాను. మర్నాడు హాజరు వేస్తూ "పైలం" అని గట్టిగా పిలిచాను. క్లాసంతా పగలబడి నవ్వింది. పైలం అంటే జాగ్రత్త అని అప్పుడు ఒక పిల్లవాడు నాకు పాఠం చెప్పాడు. పిల్లను జాగ్రత్తగా చూసుకోమని చెప్పి వెళ్లింది ఆ తల్లి! అసలు పేరు యాదమ్మ. అయినా ఆ రోజు నుంచి అందరికీ ఆ పిల్ల పైలమే. చంద్రమ్మకు తెలిసి కడుపుబ్బా నవ్వింది. "మంచిగున్నది టీచరమ్మా, నువ్వు పిల్సినప్పుడల్ల పైలం అన్నట్టే అయితది" అంది.

ఏడాది తిరిగేసరికి నాకు వాళ్ల మాటలు బాగానే పట్టుబడ్డాయి. పిల్లలతో ఆడుతూ పాడుతూ వాళ్ల యాసలో మాట్లాడితే తల్లులు మురిసిపోయేవాళ్లు. మా టీచరమ్మ మన తీరు మాట్లాడుతది అని చెప్పుకునేవాళ్లు. నేనూ పొంగిపోయేదాన్ని. ఆ నేర్చుకున్న మాటలు చివరికి దేనికి పనికొచ్చాయో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎండలు ముదిరాయి. సోమవారం నుంచి ఒంటిపూట బడి పెడుతున్నారు. అంటే పిల్లలను వదిలే వేళకీ, బండలు పేల్చే వేళకీ సరిగ్గా ముడిపడింది. గుడిసెల పిల్లలందరూ రోజూ వెనకగోడ సందులోంచి దూరి, బండల మధ్య బాట పట్టి వెళ్లిపోయేవాళ్లు. ఒంటిపూట మొదలయ్యాక అటు పోకూడదు. ప్రతి ఇంటి నుంచి ఒకరు ముందు గేటుకు వచ్చి పిల్లలను తీసుకెళ్లాలి. ఈ సంగతి చెప్పడానికి మేడమ్ శనివారం తల్లులందరినీ గేటు దగ్గరికి రమ్మన్నారు. మా క్లాసువాళ్లకు చెప్పే బాధ్యత నాది.

చెప్పాను. ఒక్కొక్కరికీ చెప్పాను. ఒక్కొక్కరి చేతా తిరిగి చెప్పించాను. ఆ ఎండలో అదే మాట వల్లించి వల్లించి నాలుక పిడచకట్టింది. ఇంకో పక్క వార్షికోత్సవం ముంచుకొస్తోంది. నా పిల్లలు చిలకల డాన్సు వెయ్యాలి. రంగుకాగితాల రెక్కలు ఇంకా అతికించనేలేదు. అందరూ వెళ్లిపోయారు. పైలం ఒక్కతే గేటు పట్టుకుని ఊగుతూ నిలబడింది. చంద్రమ్మ ఎప్పుడూ చివరే. మేస్త్రీ వదలాలి కదా. నేను సంచీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాను. కిటికీలోంచి చూస్తే దూరాన చంద్రమ్మ పరుగులాంటి నడకతో వస్తోంది. ఆగమన్నట్టు చెయ్యి ఊపుతోంది.

నేను చూశాను. ఇది స్పష్టంగా రాయాలి. ఆమె రావడం నేను చూశాను. చూసి, తలుపు పక్కకు జరిగాను. ఆమెకు చెప్పడం మొదలుపెడితే ఆమె నవ్వుతుంది, పిల్ల చదువు అడుగుతుంది, ఇంకో మాట కలుపుతుంది, లింగంపల్లి బస్సు పోతుంది. సోమవారం పొద్దున్న చూసుకుందాంలే అనుకున్నాను. ఆమె గేటు దగ్గర నిలబడి అటూ ఇటూ చూసింది. పిల్లను చంకనెత్తుకుని వెళ్లిపోయింది. అప్పుడు నేను బయటికొచ్చి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను కూడా. మనిషి ఎంత చిన్నవాటికి సంతోషిస్తుందో చూడండి.

సోమవారం పొద్దున్న పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చారు. చంద్రమ్మ అప్పటికే పనిలో ఉంది. ప్రార్థన అవుతుండగా మేడమ్ నా పక్కకు వచ్చి, "అందరితోని చెప్పించినవా?" అని అడిగారు.

"అందరితోనూ చెప్పించానండీ" అన్నాను.

ఎందుకన్నాను? ఒక్కరు మిగిలిపోయారని అంటే ఏమయ్యేది? ఆయాను పంపి చంద్రమ్మను పిలిపించేవారు. నన్ను ఒక మాట అనేవారు. అంతే. ఆ ఒక్క మాట పడలేకపోయాను. పైలాన్ని నా దగ్గరే ఉంచుకుని పని వేళ అయ్యాక నేనే అప్పజెబుదామని లోపల లెక్క వేసుకున్నాను. చెడ్డ లెక్కేం కాదు. గంట కొట్టగానే తల్లులొచ్చి ఎవరి పిల్లలను వాళ్లు తీసుకెళ్లారు. పైలాన్ని వరండాలో కూర్చోబెట్టాను. కదలకుండా ఉండాలని ఆకుపచ్చ కాగితం రెక్క ఒకటి చేతికిచ్చాను. "ఇది నలక్కుండా పట్టుకుని కూర్చో, నీదే" అన్నాను. మిగిలిన రెక్కలు అతికించడానికి లోపలికి వెళ్లాను.

విజిల్ వినిపించింది. అలవాటుగా చేతులు చెవుల దాకా వెళ్లాయి. వెళ్లి ఆగిపోయాయి. వరండాలో అలికిడి లేదు. బయటికొచ్చి చూస్తే గచ్చు మీద ఎవరూ లేరు. పలక సంచీ కూడా లేదు.

పిలిచాను. "పైలం! పైలం!" అని అరుస్తూ వెనకగోడ వైపు పరుగెత్తాను. వినేవాళ్లకు అది హెచ్చరికలా ఉండి ఉంటుంది. బాట మొదట్లో ఎర్రగుడ్డ పట్టుకున్నతను రెండు చేతులూ చాపి నన్ను ఆపాడు.

"ఏడికమ్మా! తూటాలు పెట్టిన్రు, పోవద్దు!"

పిల్ల అటు వెళ్లిందని చెప్పడానికి నోరు తెరిచాను. నోరు తెరిచే ఉంది, నేల అదిరింది. తర్వాత దుమ్ము. దుమ్ములోంచి చిన్న చిన్న రాళ్లు పడుతున్న చప్పుడు, వడగళ్లలా. అంతా సద్దుమణిగాక బాట మలుపులో ఒక బండ చాటున పైలం కనిపించింది. నిలబడే ఉంది. తల నుంచి కాళ్ల దాకా బూడిద రంగు. ఎడమచెయ్యి ఎడమచెవి మీద గట్టిగా ఒత్తి ఉంది. కుడిచేతిలో ఆకుపచ్చ రెక్క ఉంది, నలక్కుండా. నేను ఇచ్చిన వస్తువు వదలకూడదనుకుని ఒక్క చెవే మూసుకుంది. రెండో చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది. ఏడవలేదు. నా పెదాల వైపు చూస్తూ నిలబడింది. నేనేదో అంటున్నాను, ఆమెకు వినపడటం లేదు.

దవాఖానలో డాక్టరు కుడిచెవి ఇక పనిచెయ్యదన్నాడు. ప్రాణం దక్కింది, సంతోషించండన్నాడు. చంద్రమ్మ పనిలోంచి అలాగే వచ్చింది, చేతులకు తడి సిమెంటు. భర్త వచ్చాడు. మేడమ్ వచ్చారు. ముందు గేటుకు ఎందుకు రాలేదని మేడమ్ చంద్రమ్మను అడిగారు. టీచరు నీకు చెప్పిందట కదా, నువ్వు తిరిగి చెప్పావట కదా అన్నారు. చంద్రమ్మ బిత్తరపోయి నా వైపు తిరిగింది. అందరూ నా వైపు తిరిగారు.

తేలు కుట్టిన దొంగను నేను. తలాడించాను. నోటితో ఏమీ అనలేదు, తల మాత్రం పైకీ కిందికీ ఆడించాను. తల ఊపితే అబద్ధం కాదనుకున్నానా? ఏమో. చంద్రమ్మ భర్త ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. "మర్సినవా?" అని ఒక్కటే అడిగి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కొట్టినా బాగుండేది.

ఇంతవరకైతే ఎవరికైనా చెప్పుకుని ఉండేదాన్నేమో. బద్ధకించాను, భయపడ్డాను, మనుషులన్నాక పొరబాట్లు చేస్తారు అని ఎవరో ఒకరు నా భుజం తట్టేవారేమో. నేను భుజం తట్టించుకోలేనిది ఇంకొకటుంది.

బడికి వేసవి సెలవులు ఇవ్వబోయే ముందు చంద్రమ్మ వచ్చింది. క్లాసులో నేనొక్కదాన్నే ఉన్నాను. పైలం తల్లి కొంగు పట్టుకుని నిలబడింది, మంచి చెవి నా వైపు తిప్పి. తెలిసిపోయింది, అడగడానికే వచ్చింది అనుకున్నాను. పైలానికి తెలుసు కదా! ఆ శనివారం గేటు దగ్గర నేను లేనని ఆ పిల్లకు తెలుసు. చెప్పే ఉంటుంది అనుకున్నాను.

"టీచరమ్మా, జర ఒక మాట అడుగుత. కోపం చెయ్యొద్దు" అంది చంద్రమ్మ.

"అడుగు చంద్రమ్మా."

"గా శనారం నాడు నువ్వు నాకు చెప్పినవంట. నేను మళ్ల నీకు చెప్పిన్నంట. గేటు కాడికొచ్చింది యాదికున్నది, పిల్లను సంకనేస్కున్నది యాదికున్నది. నువ్వు కండ్లల్ల మెదుల్తలేవు. ఎంత గుంజుకున్నా యాదికొస్తలేదు. ఇంత మాట ఎట్ల మర్సిపోత టీచరమ్మా? నా తలకాయకు ఏమన్న అయిందా? గదే పరేషాన్. నిద్ర పడ్తలేదు. నేనేమని చెప్పిన? నువ్వు జర చెప్తే యాదికొస్తదేమో."

ఆమె నన్ను నిలదియ్యడానికి రాలేదు. సాయం అడగడానికి వచ్చింది.

అప్పుడు చెప్పవచ్చు. నేను చెప్పలేదు చంద్రమ్మా, నీ తలకాయ చక్కగా ఉంది అని అనవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే కిటికీ అవతల మేడమ్ గొంతు వినిపించింది, ఎవరితోనో మాట్లాడుతూ వరండాలో నడిచి వస్తున్నారు. ఆవిడ లోపలికి రాకముందే ఈ సంభాషణ ముగిసిపోవాలి. నాకు అదొక్కటే తోచింది.

"నువ్వు అన్నావు చంద్రమ్మా" అన్నాను. "'సోమారం సంది నేనే ముంగల గేటుకొస్త, ఎన్కబాటన పిల్లను పోనియ్య' అన్నావు. అని నవ్వావు. కొంగుతో మొహం తుడుచుకున్నావు."

ఆమె మాటలో చెప్పాను. ఆమె యాసలో, ఆమె పలికే తీరులో. ఏడాదిపాటు ముచ్చటపడి నేర్చుకున్నదంతా అక్కడ పెట్టాను. నా మాటల్లో చెప్పి ఉంటే ఆమె నమ్మేది కాదు.

చంద్రమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదిపింది. "ముంగల గేటుకొస్త... ఎన్కబాటన పిల్లను పోనియ్య..." లోపలెక్కడో వెతుక్కుంటోంది. కాసేపటికి కళ్లు తెరిచింది.

"అవు" అంది. "గట్లనే అంట నేను. గది నా మాటనే."

ఆమె ముఖంలో కాస్త తేట వచ్చింది. నాకు దండం పెట్టింది. నేను ఆ దండం తీసుకున్నాను. పైలం మాత్రం నన్నే చూస్తోంది. ఎంత విన్నదో, ఎంత తెలుసో. ఆ పిల్ల ఎన్నడూ నోరు విప్పలేదు. ఆ ప్రమాదం తర్వాత మాట బాగా తగ్గిపోయింది. మీ దగ్గర దాచడం దేనికి, ఆ పిల్ల మాట్లాడటం మానేసినందుకు నాకు ప్రాణం కుదుటపడింది. ఎలాంటి టీచరునో మీరే అనుకోండి.

మళ్లీ బడి తెరిచాక చంద్రమ్మ పూర్తిగా మారిపోయింది. ఏది చెప్పినా మూడుసార్లు వల్లించేది. కొంగుకు ముడి వేసుకునేది, ముడి ఎందుకు వేసిందో గుర్తు రాక పక్కింటివాళ్లను అడిగేది. పొయ్యి ఆర్పానో లేదో అని పని మధ్యలో గుడిసెకు పరుగెత్తుతోందని మేస్త్రీ పనిలోంచి తీసేశాడని విన్నాను. ముందు ఎంత నవ్వేది! ఆమె మతిమరుపు మనిషి కాదు. ఆ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. నేను తెలిసీ ఊరుకున్నాను. ఒక మనిషికి తన మనసు మీద ఉన్న నమ్మకాన్ని తీసేసుకున్నాను. అంతకన్నా తీసుకోవడానికి ఇంకేముంటుంది?

ఆ ఏడాదీ చివరికొచ్చింది. ఎండలు, పరీక్షలు, ఒంటిపూట బడి. మేడమ్ ఈసారి తల్లులందరినీ షెడ్డులో కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. నన్ను ముందు కుర్చీలో కూర్చోమన్నారు. "మంచిగ చెప్పే టీచరు" అని. తర్వాత చంద్రమ్మను లేపారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కుర్చీలో సర్దుకున్నాను.

చంద్రమ్మ కొంగు నిండుగా కప్పుకుని లేచి నిలబడింది.

"అక్కలారా, టీచరమ్మ చెప్పేది చెవుల ఏసుకోన్రి. నాకు గూడ చెప్పింది. నేను నా నోటితోని మళ్ల చెప్పిన. 'ముంగల గేటుకొస్త, ఎన్కబాటన పిల్లను పోనియ్య' అన్న. నవ్విన గూడ. కొంగుతోని మొకం తుడ్సుకున్న. టీచరమ్మ నా చెయ్యి పట్టుకోని, పైలం చంద్రమ్మా అన్నది. గిప్పుడు అంత మంచిగ యాదికొస్తున్నది. గప్పుడే మర్సిన. నా పిల్ల చెవి నేనే తిన్న. మీరు గిట్ల చెయ్యకున్రి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నానట. పైలం అన్నానట. అది నేను చెప్పినదాంట్లో లేదు. నా అబద్ధంలో ఏదో లోటుందనిపించి ఆమే పూరించుకుంది. ఒక మంచి టీచరు ఆ సమయంలో ఏం చేసి ఉండేదో అది చేర్చుకుంది. నాకు లేని మంచితనం నాకు తొడిగి, తప్పంతా తాను కప్పుకుని, అందరి ముందూ నిలబడింది. కొందరు తల్లులు కళ్లొత్తుకున్నారు. మేడమ్ తల పంకించారు. నేను ఆ కుర్చీలో కూర్చునే ఉన్నాను. లేవలేదు. లేవాలని ఎంత అనుకున్నానో చెప్పినా ప్రయోజనం లేదు, ఎందుకంటే లేవలేదు.

ముందు వరుసలో పైలం కూర్చుని ఉంది. తల్లి మాటలు వింటూ, కళ్లు నా మీద పెట్టి. ఆ కళ్లలో కోపం లేదు. అడుగుతున్నట్టుంది, అంతే. నేనే తల దించుకున్నాను.

ఆ వేసవిలోనే ఉద్యోగం మానేశాను, ఆరోగ్యం బాగాలేదని. మేడమ్ చాలా బాధపడ్డారు. తర్వాత ఆ గుడిసెలు తీసేశారు, వాళ్లెటు పోయారో తెలియదు. బండలు పోయాయి, బాట పోయింది. ఇప్పుడు అక్కడంతా అద్దాల మేడలు. ఆ దారిన వెళ్లవలసి వస్తే ఆటోలో కళ్లు మూసుకుని కూర్చుంటాను. ఎక్కడ విజిల్ వినిపించినా, ట్రాఫిక్ పోలీసుదైనా సరే, నా చేతులు చెవుల దాకా లేస్తాయి. మా పిల్లలు నవ్వుతారు. ఒక చెవి దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోవడం వాళ్లకు విచిత్రం. సిమెంటు తట్ట మోసే ఆడమనిషి ఎవరు ఎదురైనా తల తిప్పుకుంటాను. చంద్రమ్మ కనిపిస్తే తిట్టదు. నాకు దండం పెడుతుంది. నాకు అదీ భయం.

వెతికావా అని అడగకండి. వెతకలేదు. దొరుకుతుందేమోనన్న భయంతోనే వెతకలేదు. క్షమించమని అడగడానికి క్షమించగలిగిన మనిషి ముందు నిజం తెలుసుకోవాలి కదా. మీరు క్షమించినా అది చెల్లదు, మీ సొమ్మేం పోయింది కనక. ఈ రాత వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం రాస్తుంటే ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది. అదీ నాకే మిగిలింది చూశారా, మళ్లీ.

ఒక్క సాయం చెయ్యండి. మా బడిలో చెప్పినంత మాత్రాన చెప్పినట్టు కాదు. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. మీరెక్కడున్నా, ఎవరూ లేనప్పుడైనా సరే, పెదాలు కదిపి ఒక్కసారి ఈ మాట తిరిగి చెప్పండి.

టీచరు చెప్పలేదు. చంద్రమ్మ మరిచిపోలేదు.